తాబేటి స్నానము

సరీసృపములకు స్నానమేమిటని కొందరు నవ్వవచ్చును. గేదెను చెరువులో తోముదుము, ఎద్దును కడుగుదుము, కుక్కకు నీళ్ళు పోయుదుము. తాబేలునకును, ఉడుమునకును, పామునకును ఆ అవసర మేమున్నది? వానికి చెమట పట్టదు, వెంట్రుకలు లేవు. అయినను ఐరోపా, అమెరికా ఖండములలో ఇట్టి జంతువులను ఇండ్లలో ముద్దుగా పెంచువారు లక్షలకొలది కలరు. వారిలో పలువురు తమ మెట్టతాబేళ్ళను, తొండలను అప్పుడప్పుడు గోరువెచ్చని నీటిలో కూర్చుండబెట్టుదురు. ఈ అలవాటులో కొంత శాస్త్రమున్నది, కొంత భ్రమయు నున్నది. దాని వెంబడి ఒక వ్యాధి చరిత్ర కూడ నడచినది.

మొదట శాస్త్రమును చూతము. మెట్టతాబేలు, తొండ, పాము మొదలగునవి తమ శరీరములోని వ్యర్థపదార్థమును మనవలె పలుచని మూత్రముగా గాక, యూరిక్ ఆమ్లముగా, తెల్లని పిండివంటి ముద్దగా విసర్జించును. నీటిని పొదుపు చేయుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. కాని ఒంటిలో నీరు మరీ తగ్గినచో ఈ ముద్ద గట్టిపడి మూత్రాశయములో రాయి కాగలదు. అడవిలో జంతువు వాననో, మంచునో, పచ్చని ఆకునో వెదకికొనును. పెట్టెలో బంధించినదానికి ఆ స్వేచ్ఛ లేదు. కనుక దానిని గడ్డము మునుగనంత లోతుగల నీటిలో పదిహేను ఇరువది నిమిషము లుంచినచో, తల వంచి నిదానముగా త్రాగును. పాము కుబుసము విడుచు సమయమున గాలిలో తడి చాలనిచో పాతచర్మము తునకలు తునకలుగా ఒంటికి పట్టుకొని యుండును. అప్పుడును నీరు మేలు చేయును.

ఈ స్నానమునకు కొన్ని హద్దులు కలవు. సరీసృపములకు తమ ఒంటి వేడిని తామే పుట్టించుకొను శక్తి అల్పము. చుట్టునున్న నీటి వేడియే కొంతసేపటికి వాని ఒంటి వేడి యగును. నీరు మిక్కిలి చల్లనైనచో జీర్ణక్రియ, కదలిక మందగించును. వేడెక్కినచో ప్రాణమునకే ముప్పు. సుమారు 28 నుండి 32 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా మోచేతికి గోరువెచ్చగా తోచు నీరు, సాధారణముగా సరిపోవును. మెట్టతాబేలు ఈదలేదు. తిరుగబడిన యెడల బెత్తెడు నీటిలోనైనను మునిగి చచ్చును. కావున దానిని నీటిలో ఉంచి మరొక పనికి పోరాదు. సబ్బు అసలే కూడదు. ఎప్పుడును నీటిలోనే ఉండు నీటితాబేలునకు ప్రత్యేక స్నానము అక్కరలేదు. దాని తొట్టి నీరు మార్చుటయే దానికి స్నానము.

ఇక భ్రమ సంగతి. సరీసృపము చర్మముతో నీరు త్రాగునని చాలకాలము పలువురు నమ్మిరి. ఈ నమ్మకమునకు బలమిచ్చినది ఆస్ట్రేలియా ఎడారులలోని ఒక చిన్నతొండ. దాని ఒళ్ళంతయు ముళ్ళు. అక్కడివారు దానిని ముళ్ళదయ్యమందురు. శాస్త్రజ్ఞులు మోలోక్ అని పేరిడిరి. దానిని నీటిచుక్కలలో నిలిపినచో చర్మము నిమిషములలో అంతటను తడియగును, ఆ నీరు ఎటుపోవునో కానరాదు. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో ఇది చూచినవారు, చర్మమే నీటిని పీల్చుచున్నదని తలచిరి. 1962లో బెంట్లీ, బ్లూమర్ అను ఇరువురు పరిశోధకులు ఈ చిక్కును విప్పిరి. మోలోక్ పొలుసుల నడుమ వెంట్రుకవాసి సన్నని కాలువ లున్నవి. దీపపు వత్తిలో నూనె ఎగబ్రాకునట్లు నీరు ఆ కాలువలవెంట ఎగబ్రాకి నోటి మూలలకు చేరును. తొండ దవడల నాడించుచు ఆ నీటిని మ్రింగును. చర్మము నీటిని మోసినదే గాని త్రాగలేదు. కేశనాళికా చర్యను బోధించునప్పుడు గాజుగొట్టములతోపాటు ఈ తొండను కూడ ఉదాహరించినచో విద్యార్థులు మరువరు.

నీటినుండి జంతువు తీసికొను దేమో ఇట్లు తెలిసినది. జంతువు నీటికి ఇచ్చునదేమి? పెంపకందారు లందరును ఎరిగిన విషయమొకటి కలదు: గోరువెచ్చని నీటిలో కూర్చుండబెట్టిన కొద్దిసేపటికే తాబేలు మలమూత్రములను విడుచును. తాబేటికి మలమునకు, మూత్రమునకు, గ్రుడ్లకు ఒకటే ద్వారము. దానిని అవస్కర మందురు. అనగా స్నానపు తొట్టి వేగముగా మరుగుదొడ్డి యగుచున్నది. ఈ సంగతి చాలకాలము ఎవ్వరికిని పెద్దగా తోచలేదు. దాని ప్రాముఖ్యము తెలియుటకు ముందు ఒక సూక్ష్మజీవి కథ నడువవలసి యుండెను.

1884లో అమెరికా ప్రభుత్వము పశువుల వ్యాధులను పరిశోధించుటకు ఒక శాఖను నెలకొల్పెను. దానికి ప్రథమాధిపతి డేనియల్ ఎల్మర్ సాల్మన్ అను పశువైద్యుడు. ఆయన క్రింద థియొబాల్డ్ స్మిత్ అను యువకుడు పనిచేయుచుండెను. 1885లో వారు పందుల మహామారితో చచ్చిన జంతువులనుండి ఒక బాక్టీరియాను వేరుచేసి, ఆ రోగమునకు ఇదియే కారణమని ప్రకటించిరి. చేతులతో పనిచేసినవాడు స్మిత్; పేరు మాత్రము పై అధికారికి దక్కెను. 1900లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లిన్యేర్ ఈ జాతికి సాల్మనుపేర సాల్మొనెల్లా అని నామకరణము చేసెను. ఇంతయు జరిగిన పిదప, పందుల మహామారికి మూలము ఆ బాక్టీరియా కానే కాదు, వైరస్ అని 1903లో తేలెను! తప్పుడు నేరముపై పట్టుబడిన దొంగ తరువాత అసలు నేరములలో దొరికినట్లు, సాల్మొనెల్లా క్రమముగా మనుష్యుల ఆంత్రవ్యాధులలో కానవచ్చెను. టైఫాయిడ్ జ్వరమును కలిగించు బాక్టీరియా కూడ ఈ కుటుంబములోనిదే. నేడు ఈ జాతిలో 2,500కు పైగా రకములు గుర్తింపబడినవి.

స్మిత్‌కు జరిగిన అన్యాయమును తలచి బాధపడ నక్కరలేదు. టెక్సాస్ పశుజ్వరమును గోమార్లు వ్యాపింపజేయునని 1893లో కిల్బోర్న్‌తో కలసి ఆయన నిరూపించెను. కీటకాదుల మూలమున రోగము సంక్రమించునన్న ఆ భావమునకే నాలుగేండ్ల తరువాత, 1897లో, మన సికిందరాబాదున రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచి మరింత బలము చేకూర్చెను.

సరీసృపములలో సాల్మొనెల్లా ఉన్నట్లు 1939లో ఎరిజోనాలో పనిచేయుచుండిన కాల్డ్వెల్, రయర్సన్ అనువారు ప్రకటించిరి. వారు పరీక్షించినవి ఎడారి తొండలు. తరువాతి కొలది సంవత్సరములలో మెక్‌నీల్, హిన్షా అనువారు పాములలోను, గలపాగోస్ దీవుల మహాతాబేళ్ళలోను, ఇగ్వానాలోను దానిని కనుగొనిరి. విశేషమేమనగా, ఈ జంతువులలో చాలవరకు ఏ రోగలక్షణములును లేవు. మనకు విరేచనములు, జ్వరము తెచ్చు సూక్ష్మజీవి వాని ప్రేగులలో అద్దెకున్నవానివలె శాంతముగా కాపురము చేయుచుండెను. ఈ పరిశోధనలను పశువైద్యులు చదివిరి; గృహిణులు చదువలేదు. ఎడారి తొండను వంటింటిలో ఉంచుకొనువా రెవరు?

కాని తాబేలు వంటింటిలోనికి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో ఎర్రచెవి తాబేలు పిల్లలకు ఆటబొమ్మ యయ్యెను. మిసిసిపీ నదీప్రాంతపు జంతువిది. కన్ను వెనుక ఎర్రని చార యుండుటచే ఆ పేరు వచ్చెను. లూయిసియానా రాష్ట్రములో దీనికొరకు చెరువులు త్రవ్వి, చేలు సాగుచేసినట్లు తాబేళ్ళను సాగుచేసిరి. గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన పిల్ల దాదాపు పాతకాలపు వెండిరూపాయి అంత యుండును. ఆకుపచ్చని డిప్ప, చిన్నిచిన్ని గోళ్ళు. కొనువానికి దానితోపాటు ఒక ప్లాస్టిక్ గిన్నె, గిన్నె నడుమ ఒక దిబ్బ, దిబ్బపై తాటిచెట్టును పోలిన ప్లాస్టిక్ చెట్టు. చిల్లర దుకాణములలో కోడిపిల్లవలె చవుకగా దొరకుచుండెను. పిల్లలు దానిని ముద్దుపెట్టుకొనిరి, నోటిలో పెట్టుకొనిరి. తల్లులు గిన్నెలోని నీటిని వంటింటి సింకులో పారబోసి, తాబేలును కుళాయిక్రింద పట్టి కడిగి, అదే సింకులో కూరగాయలను, పాలసీసాలను కడిగిరి. శుభ్రత కొరకై చేసిన పనియే అశుభ్రతకు దారితీసెను.

1963లో ఒక రోగికి వచ్చిన సాల్మొనెల్లా వ్యాధిని పెంపుడు తాబేలుతో మొదటిమారు ముడిపెట్టిరి. అటుపిమ్మట వైద్యులు రోగుల నడుగు ప్రశ్నలలో "మీ యింట తాబేలున్నదా?" అను ప్రశ్నయు చేరెను. ఎచ్చట అడిగిన నచ్చట "ఉన్న"దను జవాబు తరచుగా వచ్చుచుండెను. 1970-71 సంవత్సరములకు సంబంధించిన పరిశీలనను అనుసరించి, అమెరికాలో ఏటేట సుమారు 2,80,000 మందికి తాబేళ్ళ మూలమున ఈ వ్యాధి సోకుచున్నదని అంచనా వేసిరి. ఆ దేశములోని మొత్తము సాల్మొనెల్లా వ్యాధిగ్రస్తులలో ఇది సుమారు ఏడవవంతు. రోగులలో హెచ్చుమంది పసిపిల్లలు.

ప్రభుత్వము మొదట మెత్తని మార్గమును అవలంబించెను. 1972లో, పరీక్షించి సాల్మొనెల్లా లేదని ధ్రువపరచిన తాబేళ్ళనే అమ్మవలెనని ఆజ్ఞాపించెను. ఈ ఏర్పాటు విఫలమయ్యెను. ఎందుచేత? తాబేలు ఈ సూక్ష్మజీవిని నిత్యము విసర్జించదు. ఒకనాటి మలములో కనబడును, వారము దినములు కనబడదు. నేడు నిర్దోషి అని ముద్రవేసిన జంతువు రేపు సంతలో ఇరుకుపెట్టెలో, దాహముతో, భయముతో ఉన్నప్పుడు మరల విడుచును. నీరు లేక ఎండిన తాబేళ్ళలో దాగియున్న సాల్మొనెల్లా మరల బయటపడునని 1978లో ప్రయోగపూర్వకముగా తెలిసినది. పైగా ఒక్క రోగవాహకమున్న తొట్టిలో నూరు పిల్లలను వేసినచో నూటికిని అంటును. ఒకనాటి పరీక్షకు జవాబు "ఇప్పుడు కనబడలేదు" అనునదే గాని "లేదు" అనునది కాదు. ఈ రెండింటి తారతమ్యమును విజ్ఞానశాస్త్ర విద్యార్థి మొదటనే గ్రహింపవలెను.

1975లో ఆహార, ఔషధ పర్యవేక్షణ శాఖ కఠినముగా నిర్ణయించెను. డిప్ప పొడవు 4 అంగుళములకు, అనగా సుమారు 10 సెంటీమీటర్లకు, తక్కువైన తాబేళ్ళను, పొదుగదగిన తాబేటి గ్రుడ్లను అమ్మరాదు. ఈ 4 అంగుళముల లెక్క తాబేటి శాస్త్రమునుండి వచ్చినది కాదు, పిల్లవాని నోటినుండి వచ్చినది. అంతకంటె పెద్ద తాబేలును పసివాడు నోటిలో పెట్టుకొనలేడు, దానిని ఆటబొమ్మగా తలచుటయు అరుదు. ఇంత సులభమైన కొలతతో ఏటేట సుమారు లక్షమంది పిల్లలు ఈ వ్యాధిని తప్పించుకొనిరని తరువాత లెక్కగట్టిరి.

శాస్త్రపరిశోధనకు, విద్యకు, ప్రదర్శనకు చిన్నతాబేళ్ళను వాడుకొనుటకు మినహాయింపు ఉండెను. అది సమంజసమే. పరదేశములకు ఎగుమతి చేయుటకును మినహాయింపు ఇచ్చిరి. తన పిల్లలకు చేటని తలచినదానిని ఇతరుల పిల్లలకు అమ్మవచ్చునన్న న్యాయము నాకు బోధపడదు. 1989 మొదలు 1997 వరకు అమెరికా నుండి సుమారు 5 కోట్ల 20 లక్షల ఎర్రచెవి తాబేళ్ళు ప్రపంచమంతటికి ఎగుమతి యయ్యెను.

ఎగుమతి నిలుపుకొనుటకై లూయిసియానా శాస్త్రజ్ఞులు చేసిన ప్రయత్నము మాత్రము చాతుర్యముగలది. తాబేలును శుద్ధిచేయ వీలులేనిచో గ్రుడ్డునే శుద్ధిచేయరాదా అని వారు ఆలోచించిరి. వెచ్చని గ్రుడ్డును చల్లని మందునీటిలో ముంచిరి. లోపలి పదార్థము చల్లబడి సంకోచించును; ఏర్పడిన వెలితిని నింపుటకు బయటి ద్రవము పెంకులోని సూక్ష్మరంధ్రముల గుండ లోనికి చొచ్చును. సూదిగ్రుచ్చకయే గ్రుడ్డునకు మందు ఎక్కుచున్నదన్నమాట! మొదట టెర్రమైసిన్, క్లోరోమైసెటిన్ అను మందులను, పిదప జెంటామైసిన్ అను మందును వాడిరి. కొంతకాలము ఫలితములు బాగుగనే యుండెను. అటుపిమ్మట, 1990లో, ఇట్లు శుద్ధిచేయబడి ఎగుమతియైన తాబేళ్ళలో సాల్మొనెల్లా మరల ఉన్నదనియు, అది జెంటామైసిన్‌కు లొంగుటలేదనియు కెనడా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మందుకు ఓర్చిన సూక్ష్మజీవులు మాత్రము మిగిలి సంతానము పెంచుకొనెను. శుద్ధిచేయబోయి మరింత మొండి శత్రువును తయారుచేసినట్లైనది.

తాబేలును కడిగి శుద్ధిచేయుదమను తల్లి, పరీక్షించి శుద్ధిచేయుదమను ప్రభుత్వము, మందుతో శుద్ధిచేయుదమను శాస్త్రజ్ఞుడు, ముగ్గురును ఒక్కచోటనే ఓడిరి. సూక్ష్మజీవి డిప్పపైని మురికి కాదు, ప్రేగులలోని నివాసి. పైన ఎంత తోమినను అది లోపల నుండును. స్నానము జంతువును శుభ్రపరచదు, నీటిని మాత్రము మలినపరచును.

నీటిమాట ఎంత నిజమో 2007లో జరిగిన ఒక సంఘటన తెలుపుచున్నది. అమెరికాలో ఇద్దరు బాలికలు ఇంటి ఈతకొలనులో ఈదిరి. ఆ కొలనులో క్లోరిన్ కలుపలేదు. ఇంటి తాబేళ్ళను కూడ అందులో ఈదనిచ్చుచుండిరి. బాలికలు జబ్బుపడిరి, అందొకతెకు మూత్రపిండములు పనిచేయకపోవు నంతటి ప్రమాదము వచ్చెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో ఫ్లారిడాలో నెల నిండని శిశువొకతె సాల్మొనెల్లా వ్యాధితో మరణించెను. ఆ యింటి చిన్నతాబేటిలో దొరికిన సూక్ష్మజీవియు, శిశువునుండి తీసినదియు ఒకటే అని జన్యుపరీక్షలో తేలెను. నెల నిండని పసికందు తాబేలుతో ఆడలేదుగదా! పెద్దల చేతులవెంట, పాత్రలవెంట రోగము ప్రయాణముచేయును.

చేతుల సంగతికి వచ్చినచో, 1996 జనవరిలో డెన్వర్ జంతుప్రదర్శనశాలలో కొమొడో దీవుల మహా ఉడుములను చూడవచ్చినవారిలో అరువదిమందికి పైగా జబ్బుపడిరి. ఉడుమును ఎవ్వరును తాకలేదు. దాని ఆవరణ చుట్టునున్న కొయ్యకంచెను పట్టుకొని వంగి చూచిరి, అంతే. ఉడుము కాళ్ళు కంచెకు ఆనినవి, పిల్లల చేతులు అదే కంచెను తాకినవి. విచారణలో తేలిన ముఖ్యాంశమేమనగా, అచ్చటనే చేతులు కడుగుకొనినవారిలో ఈ వ్యాధి చాల అరుదు. ఏండ్ల తరబడి మందులు, ధ్రువపత్రములు సాధింపలేనిదానిని సబ్బుముక్క సాధించెను.

కావున నేడు పశువైద్యులు చెప్పు నియమములన్నియు జంతువును గూర్చినవి కావు, నీటిని గూర్చినవి. స్నానపు తొట్టి దానికే ప్రత్యేకముగా ఉండవలెను; వంటపాత్ర గాని, పిల్లల స్నానపు టబ్బు గాని కారాదు. వాడిన నీటిని వంటింటి సింకులో పోయక మరుగుదొడ్డిలో పోయవలెను. తొట్టిని బ్లీచింగు ద్రవముతో కడిగి ఎండబెట్టవలెను. పనియైన వెంటనే చేతులను సబ్బుతో రుద్ది కడుగుకొనవలెను. అయిదేండ్లలోపు పిల్లలు, గర్భవతులు, వృద్ధులు, రోగముతో నీరసించినవారు ఈ పనికి దూరముగా ఉండుట మంచిది. పాఠశాలలలో జీవశాస్త్రపు గదిలో తాబేలు నుంచుకొను అలవాటున్నచో, ఆ గదిలో మధ్యాహ్నభోజనపు డబ్బాలు తెరువనీయరాదు.

మన దేశములో ఈ విషయము కొంత వేరుగా నున్నది. మన నక్షత్రతాబేలును ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మము ఆలయమున వానిని పెంచుచున్న సంగతి మీలో పలువురు చూచియే యుందురు. అట్టిచోట పిల్లలు డిప్పను తాకిన పిమ్మట ప్రసాదము నోటిలో వేసికొనక మునుపే వారి చేతులు కడిగింపవలెను. అంగళ్ళలో ముద్దుగా అమ్ముచున్న ఎర్రచెవి తాబేలు విదేశీజాతి. అది పెరిగి అడుగు పొడవునకు దగ్గరగును, ఇరువది ముప్పది యేండ్లు బ్రతుకును. విసిగినవారు చెరువులో వదలుదురు. అక్కడి మన తాబేళ్ళ తిండికి, ఎండకాగు చోటుకు అది పోటీకి వచ్చును. ఐరోపా సమాజము 1997లో దాని దిగుమతిని ఆపివేసెను.

దక్షిణభారత గ్రామములలో మరియొక అలవాటు కలదు: పురుగులను, నాచును తిని నీటిని శుభ్రముగా నుంచునని తాబేలును బావిలో విడుచుట. పురుగులను తినుమాట నిజమే. కాని తిన్నదానిని అది ఎచ్చట విడుచునో ఇంతవరకు చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి బావినీటిని త్రాగువారు మరగకాచి చల్లార్చి త్రాగుట మేలు. బుడగలెగయ మరిగిన నీటిలో సాల్మొనెల్లా బ్రతుకదు. బావిలో బ్లీచింగు పొడి వేయదలచినచో ముందుగా తాబేలును పైకి తీయవలెను. దానిని తీసిన చేతులను సబ్బుతో కడుగుకొనిన తరువాతనే చేదత్రాడును పట్టుకొనవలెను.